గుర్తు నక్షత్రం కదిలిన సంగతి

నక్షత్రాలు కొలిచే ఉద్యోగం ముప్పై నాలుగేళ్లు చేశాను. మా తమిళనాడు ధర్మపురి బస్టాండులో నన్ను ఆపి జాతకం అడిగినవాళ్లకు లెక్క లేదు. అమ్మాయిది మఖ, అబ్బాయిది మూల, కుదురుతుందా అంటారు. నాకు తెలియదంటే నమ్మరు. తెలిసీ చెప్పడం లేదని మొహం మాడ్చుకుని పోతారు. నిజానికి ఆ ముప్పై నాలుగేళ్లలో నేను ఆకాశాన్ని చూసింది మీరు చూసినంతే. మా పని పట్టపగలు, కిటికీలు మూసిన గదిలో, తొమ్మిదిన్నర నుంచి అయిదున్నర దాకా. మేము కొలిచింది గాజు పలకల మీది నల్ల చుక్కల్ని.

మొన్న తిరుపతి నుంచి ఇద్దరు పరిశోధక విద్యార్థులు వచ్చి, ఆ పలకల పని ఎలా ఉండేదో రాసిపెట్టమన్నారు. పలకలు కొలిచే మర ఎలా పనిచేసేదో పుస్తకాల్లో ఉందట, మనుషులు ఎలా పనిచేసేవారో లేదట. సరే, రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లకు ఉత్సాహం కలిగించే రాతలు వేరే ఉంటాయి. అవి కావాలనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు.

పని ఇదీ

టెలిస్కోపుతో తీసిన ఫొటో ఆ రోజుల్లో గాజు పలక మీద ఉండేది. జానెడు పలక. ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా పడతాయి. దాన్ని మర మీద బిగించి, మైక్రోస్కోపులో చూస్తూ, స్క్రూ తిప్పుతూ, అడ్డతీగా నిలువుతీగా కలిసే చోటును చుక్క నడిమధ్యకు తేవాలి. తెచ్చాక స్క్రూ చక్రం మీది అంకె చదవాలి. పక్కన కూర్చున్నవాళ్లు రాసుకుంటారు. తర్వాత ఇంకో చుక్క. పలకకు కొన్ని వందల చుక్కలు. గానుగెద్దుకూ నీకూ తేడా ఏముందని మా ఆవిడ అడిగేది. గానుగెద్దుకు కనీసం నూనె వాసన తగులుతుందని చెప్పేవాణ్ణి.

పలక అంతా కొలిచాక దాన్ని ఊడదీసి, తలకిందులుగా తిప్పి బిగించి, మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఎందుకంటే ప్రతి కంటికీ ఒక వాటం ఉంటుంది. నా కన్ను నడిమధ్య అనుకునే చోటు అసలు మధ్యకు కొంచెం ఎడమన ఉండేది. ఇంకొకరికి కుడిన ఉంటుంది. తిప్పి కొలిస్తే ఆ వాటం ఎదురువైపుకు పోతుంది. రెండు కొలతలూ కలిపి సగం చేస్తే కంటి తప్పు చెరిగిపోతుంది. మా నాయన నల్లంపల్లిలో మేస్త్రీ. గోడ మీద రసమట్టం పెట్టి బుడగ చూసి, వెంటనే దాన్ని అటుదిటు తిప్పి పెట్టి మళ్లీ చూసేవాడు. మట్టంలోనే తప్పుంటే గోడను తిట్టి ఏం లాభం అనేవాడు. అందువల్ల చేరిన రోజునే ఈ పద్ధతి నాకు అర్థమైపోయింది. మిగతావాళ్లకు వారం పట్టింది.

తేడా రావాలి

నాకు పని నేర్పినవాడు ఆరోగ్యసామి. మనిషి సన్నగా పుల్లలా ఉండేవాడు, నోరు మాత్రం కత్తి. మొదటి నెలలో నేను ఒకే పలకను రెండుసార్లు కొలిస్తే అంకెలు అచ్చంగా ఒకటే వచ్చాయి. నా అంతవాడు లేడనుకుని రిజిస్టరు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక్క పేజీ చూసి, చించి చేతిలో పెట్టాడు. మనిషి రెండుసార్లు కొలిస్తే కొంచెమైనా తేడా రావాలి, రాలేదంటే రెండోసారి నువ్వు కొలవలేదు, మొదటి అంకెను గుర్తుపెట్టుకుని దాని దగ్గరికి తీగను తోలావు అన్నాడు. నేను కావాలని చేయలేదని చెప్పాను. కావాలని చేసేవాళ్లను పట్టుకోవడం తేలికే, ఇలాంటివాళ్లతోనే బాధ అన్నాడు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ వృత్తిలో దొంగ కొలతల కన్నా విధేయమైన కొలతలు ఎక్కువ. పైవాడికి ఏ అంకె కావాలో తెలిసిన కన్ను ఆ అంకెనే చూస్తుంది. నేను సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో అతి శుభ్రంగా ఉన్న రిజిస్టర్లను మెచ్చుకున్నాను, అప్పటికి ఆరోగ్యసామి రిటైరైపోయాడు.

హద్దురాళ్లు

పలక మీద చుక్క ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఆకాశంలో నక్షత్రం ఎక్కడుందో తేలాలి. అందుకోసం ప్రతి పలకలోనూ ఏడెనిమిది నక్షత్రాలను గుర్తులుగా పెట్టుకుంటాం. వాటి స్థానాలు ముందే పెద్ద పట్టికల్లో అచ్చై ఉంటాయి. సర్వేయరు హద్దురాయి దగ్గర గొలుసు పెట్టి పొలాలు కొలిచినట్టు, ఈ గుర్తు నక్షత్రాలను ఆధారం చేసుకుని మిగతా వాటి స్థానాలు లెక్కగడతాం. చిక్కేమిటంటే నక్షత్రాలు కదులుతాయి. ఆ కదలిక ఒక తరం కంటికి కనిపించేది కాదు. ఏళ్ల తేడాతో తీసిన పాత పలకా కొత్త పలకా పక్కపక్కన పెట్టి కొలిస్తే కొన్ని జరిగి ఉంటాయి. వాటిని పట్టుకోవడమే మా పని. మరి హద్దురాయే జరిగి ఉంటే దాన్నుంచి కొలిచిన పొలాలన్నీ తప్పవుతాయి.

అందుకే మా గదిలో ఒక కట్టుబాటు ఉండేది. కొలిచేవాళ్లు పాత పట్టిక చూడకూడదు. ఏ అంకె రావాలో తెలియకుండానే కొలవాలి. పట్టిక బీరువాలో ఉండేది, తాళంచెవి మా విభాగపు పెద్ద దగ్గర ఉండేది. ఆయన్ను అందరం తమిళంలో పెరియసార్, అంటే పెద్దసారు, అనేవాళ్లం. ఆకాశంలో ఒక పట్టీకి ఆయనే స్వయంగా పట్టిక తయారుచేసి అచ్చువేయించాడు. దాన్ని మెచ్చుకుంటూ విదేశాల నుంచి వచ్చిన ఉత్తరం అద్దం బిగించి ఆయన గోడకు ఉండేది. ఆయన దుర్మార్గుడు కాదు. పిల్లల చదువులకు సాయం చేసేవాడు, ఎవరింట్లో చావు జరిగినా ముందు నిలబడేవాడు. ఆ పట్టిక జోలికి వస్తే మాత్రం వేరే మనిషి.

మునెమ్మ

మునెమ్మది మా జిల్లాలోనే ఉన్న పిక్కిలి. మాలాగే ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. తల్లీతండ్రీ కూలికి పోయి లెక్కల్లో డిగ్రీ చదివించారు. ఏడాది పరీక్షకాలం మీద చేరింది. ఏడాది చివర ఆమె కొలతలు నమ్మదగినవని రాస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. నాది నల్లంపల్లి అని తెలిసిన రోజు నుంచి నన్ను అన్నా అని పిలిచింది. నెలలో సగం రోజులు ఆమె కొలిచేది, నేను రాసేవాణ్ణి. మిగతా సగం నేను కొలిచేవాణ్ణి.

అంత మంచి కన్ను నేను మళ్లీ చూడలేదు. నాకు కొంచెం పొడుగ్గా కనిపించే చుక్కను ఆమె రెండు చుక్కలని చెప్పేది, తర్వాత పెద్ద టెలిస్కోపుతో చూస్తే రెండే ఉండేవి. తీగను చుక్క మీదికి తెచ్చాక ఆగేది, ఊపిరి బిగబట్టేది, అప్పుడు అంకె చెప్పేది. తొందరపెడితే వినేది కాదు. ఒళ్లు మండి నేను రెండుమూడుసార్లు విసుక్కున్నాను కూడా.

పదో నెలలో ఆమె కొలిచిన ఒక పలక లెక్కల గది నుంచి తిరిగొచ్చింది. ఎనిమిది గుర్తు నక్షత్రాల్లో ఏడు ఒకదానితో ఒకటి కుదిరాయి. ఎనిమిదోది ఇరవై ఒక్క మైక్రాన్లు పక్కన ఉంది. అంటే వెంట్రుక మందంలో మూడో వంతు. మాకు అది మైలు దూరం. ఇంకొకరైతే పలకలో మచ్చ అని రాసి వదిలేసేవాళ్లు. మునెమ్మ అదే చోటుకు తీసిన ఇంకో రెండు పలకలు అడిగి తెప్పించుకుంది. నిటారుగా కొలిచింది, తిప్పి కొలిచింది. మూడింట్లోనూ అంతే వచ్చింది.

"అన్నా, పలకలో తప్పు లేదు. ఈ నక్షత్రమే జరిగింది" అంది. రిజిస్టరులో కూడా అదే రాసి సంతకం పెట్టింది.

ఆ ఎనిమిదోది పెరియసార్ పట్టికలో మూల మీది హద్దురాయి. అది కదలదని నమ్మి ఆయన ఆ మూలంతా లెక్కగట్టాడు. మునెమ్మ అంకె నిజమైతే ఆ మూలంతా మళ్లీ లెక్కవేయాలి, పట్టిక మళ్లీ అచ్చువేయాలి. ఆ నక్షత్రం ఆయన కొలిచిన రోజుల్లోనూ సరిగ్గా కుదిరి ఉండదు. అప్పుడు కూడా ఎవరో కుదిర్చి ఉంటారని నా అనుమానం.

తెరిచిన పుస్తకం

పెరియసార్ నన్ను పిలిచి నీ కన్ను నిలకడైనది, ఆ పిల్ల కొలత ఒకసారి సరిచూడు అన్నాడు. ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి నా మర పక్కన పాత పట్టిక ఉంది. అదే పేజీకి తెరిచి ఉంది. ఆ నక్షత్రం ఎదురుగా, స్క్రూ చక్రం మీద ఏ అంకె రావాలో పెన్సిలుతో రాసి ఉంది. ఆ దస్తూరీ నాకు తెలుసు. బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో ముందే చెప్పాను.

నేను పుస్తకం మూసి కొలిచాను. మునెమ్మ అంకెకు ఒక్క మైక్రాను తేడా. పలక తిప్పి కొలిచాను. మళ్లీ అంతే. అప్పటికి పదకొండు గంటలైంది. కాంటీనుకు పోయి టీ తాగాను. ఇంట్లో పెళ్లి కావాల్సిన చెల్లెలు, మేస్త్రీపని మానుకుని మంచాన పడ్డ నాయన, ఇవన్నీ నాకు సరిగ్గా ఆ టీ తాగుతున్నప్పుడే గుర్తొచ్చాయి. పిరికివాడికి కుటుంబం అలాంటప్పుడే గుర్తుకొస్తుంది.

తిరిగొచ్చి పుస్తకం తెరిచి, చక్రాన్ని పెన్సిలు అంకె దగ్గరికి తిప్పి, అప్పుడు మైక్రోస్కోపులో చూశాను. తీగ చుక్క మధ్యలో లేదు, అంచుకు దగ్గరగా ఉంది. పసిపిల్లాడికి చూపించినా చెబుతాడు. ఆ అంకెనే రాశాను. తిప్పి కొలిచినట్టు రెండో వరుసలో ఇంకో అంకె వేశాను. అచ్చంగా ఒకటే ఉంటే అనుమానం వస్తుందని ఒక మైక్రాను తేడా కూడా పెట్టాను. ఆరోగ్యసామి పాఠం అలా ఉపయోగపడింది. నా కన్ను నన్ను మోసం చేసిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం, కన్ను తన పని తాను సరిగ్గానే చేసింది.

ఇద్దరి కొలతలూ పక్కపక్కన పెట్టి పెరియసార్ నివేదిక రాశాడు. ఈమె చూపులో లోపం ఉంది, సూక్ష్మమైన కొలతలకు ఈమె కళ్లు పనికిరావు అని. మునెమ్మ ధర్మపురి పెద్దాసుపత్రికి పోయి కళ్లు పరీక్ష చేయించుకుని, ఏ లోపమూ లేదని చీటీ తెచ్చింది. డాక్టరు చూసేది బోర్డు మీది అక్షరాలు, మైక్రాన్లు కాదు అన్నాడట పెరియసార్.

వెళ్లిపోయే రోజు సంచి భుజాన వేసుకుని కొలతగది గుమ్మంలో నిలబడింది. నేను స్క్రూకు నూనె పెడుతున్నాను.

"తిప్పి కొలిచినావా అన్నా?" అని అడిగింది.

"కొలిచినాను."

"ఎంత వచ్చె?"

నేను రిజిస్టరులో రాసిన అంకె చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. సరే అని వెళ్లిపోయింది. నిలదీసి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమోనని అప్పుడప్పుడు అనుకుంటాను. ఒప్పుకునేవాణ్ణి కాదు.

పైనుంచి కొలిచింది

తర్వాత మాకు పలకలను తానే చదివే యంత్రం వచ్చింది, ఆ తర్వాత పలకలే పోయాయి. మరలను పాత ఇనుముకు వేశారు. ఇప్పుడు నక్షత్రాల స్థానాలు కొలిచేది ఉపగ్రహాలు. గాలి అడ్డం లేదు, కంటి వాటం లేదు, ఇంట్లో చెల్లెలి పెళ్లి లేదు. మేము ఒక జీవితకాలంలో కొలిచినన్ని నక్షత్రాలను అవి టిఫిను తినేలోపల కొలుస్తాయి.

తిరుపతి విద్యార్థులు ఆ ఉపగ్రహాల పట్టికను లాప్‌టాప్‌లో తెరిచి, మీకు తెలిసిన నక్షత్రం ఏదైనా చెప్పండి సార్, చూద్దాం అన్నారు. నా నోటికి ఒక్కటే వచ్చింది. దాని స్థానం నాకు మా ఇంటి చిరునామా కన్నా బాగా తెలుసు. అది ఏడాదికి ఎంత కదులుతుందో తెర మీద పడింది. పెరియసార్ పట్టికకూ మునెమ్మ కొలిచిన పలకకూ మధ్య ఉన్న ఏళ్లతో కాగితం మీద గుణించి, మైక్రాన్లలోకి మార్చాను. అర మైక్రాను అటూఇటూగా మునెమ్మ అంకె వచ్చింది. ఆ పిల్లలకు నా మొహం ఎందుకలా అయిందో అర్థంకాలేదు. బీపీ ఉందా సార్ అని అడిగారు.

వాళ్లకూ మీకూ ఈ సందర్భంలో ఒక మాట. తక్కినవాటితో కుదరని కొలతలను ఇప్పుడు మీ ప్రోగ్రాములే తీసి పారేస్తాయి, పెరియసార్ అక్కర్లేదు. ఏమేం పారేసిందో రోజూ ఒకసారి తెరిచి చూడండి. వాటిలో చాలావరకు చెత్తే ఉంటుంది. అయినా చూడండి.

పిక్కిలి

ఆ తెర మీది పేజీని అచ్చు తీయించుకుని, పెన్నాగరం బస్సెక్కి, అక్కడ మారి పిక్కిలి పోయాను. మునెమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కన్ను తెలియని, అంటే చూపు లేని, మునెమ్మా అని అడిగి మరీ దారి చూపించారు. ఆ మాట విన్నప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది.

ఆమె గడప పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది. రాన్నా, కూచో అంది. కోడలు లోపలి నుంచి వచ్చి, నన్ను చూసి మొహమాటపడి, అత్త చేతిలోంచి చేట తీసుకుంది. అత్తకు రాళ్లు కనపడవు, నేను ఏరతాను అని నాకు చెప్పింది. మర్యాదగానే చెప్పింది. మునెమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు అలా ఊరికే ఉండటానికి బాగా అలవాటుపడ్డాయి.

కళ్లు పనికిరావని రాసిన కాగితం ఆమె కన్నా ముందే ఊరు చేరిందట. రెండు సంబంధాలు దానివల్లే తప్పిపోయాయి. చేసుకున్నవాళ్లు లోపమున్నదాన్ని అంటగట్టారని పదేళ్లు దెప్పారు. మిషన్ మీద బట్టలు కుట్టుకుని బతుకుదామంటే బట్ట ఇచ్చినవాళ్లు లేరు. ఆసుపత్రి చీటీ చూపిస్తే, పెద్ద పెద్ద యంత్రాలున్న ఆఫీసు చెప్పింది తప్పవుతుందా అన్నారు. ఇవన్నీ నేను అడిగితే చెప్పింది, తనంతట తాను చెప్పలేదు.

నేను కాగితం ఇచ్చాను. ఆమె అద్దాలు లేకుండానే, చేయి చాచి పట్టుకుని, అంకె చదివింది. పెదవులు కదిలాయి, గుణించుకుంటోందని తెలిసింది. కాగితం తిరిగి నా చేతికే ఇచ్చేసింది.

"ఇది నాకు కొత్త సంగతి కాదన్నా. నీకూ కాదు. నాకేంటికి చెప్తావు, ఇంట్లోవాళ్లకు చెప్పు."

సాయంత్రం కొడుకు కట్టడం పని నుంచి వచ్చేదాకా కూర్చున్నాను. సున్నం మరకల చేతులతో నమస్కారం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. కోడలు తలుపు దగ్గర నిలబడింది. బస్సులో వచ్చేటప్పుడు మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. నేనే తప్పుడు అంకె రాశాను అన్నది వాటిలో మొదటి మాట.

"మీ అమ్మ కంట్లో ఏ లోపమూ లేదప్పా. అప్పుడు ఆపీసులో తప్పు జరిగిపోయింది" అన్నాను.

కొడుకు తలూపాడు. ఎప్పటి సంగతో కదా, దానికోసం మీరు ఇంత దూరం రావాల్నా అన్నాడు. కోడలు అత్త వైపు ఒకసారి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. మునెమ్మ నన్నే చూస్తోంది. కొలతగది గుమ్మంలో నిలబడి చూసినట్టు కాదు, ఈసారి కోపంగానే చూసింది.

"ఆపీసంటే ఎవురన్నా?" అంది.

బస్సుకు వేళైందని లేచాను.

ఆఫీసంటే నేను. పెరియసార్ పుస్తకం తెరిచిపెట్టాడు, అంతే. అంకె రాసింది నేను, ఒక మైక్రాను తేడా కల్పించింది నేను, గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేను, పిక్కిలిలో మళ్లీ చెప్పింది నేను. ఇదంతా మొదటిసారి ఈ కాగితం మీద ఒప్పుకుంటున్నాను.

విద్యార్థులు ఏ భాషలో రాసినా పరవాలేదన్నారు. నేను బడిలో చదివింది తమిళం, రిజిస్టర్లలో రాసింది ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, ఆమెది కుప్పం. ఇప్పటికీ ఒత్తులు తప్పుతాయి, ఇది రాయడానికి రెండు నెలలు పట్టింది. పిక్కిలిలో ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. తమిళంలో అయితే ఇదంతా ఒక్క పూటలో రాసి విద్యార్థులకు పోస్టు చేసి ఉండేవాణ్ణి. ఆమె కొడుకు తమిళం బాగా చదువుతాడు.